పీపా పక్కన కదలని ధైర్యవంతుడు

రండర్రా, ఇలా దగ్గరికి జరగండి. పలకలు పక్కన పెట్టి బాసింపట్టు వేసుకుని కూర్చోండి. వెనక గుసగుసలాపితే మొదలుపెడతాను.

ఎర్రమట్టి దుర్గాన్ని ఏలే రంగపతి రాజుకి ఓ రోజు పొద్దున్నే ఎవరికైనా సన్మానం చెయ్యాలనిపించింది. తన సైన్యానికి తుపాకి మందు సరఫరా చేసే గుత్తేదారు కోనప్ప గుర్తొచ్చాడు.

కిందటి నెలే రాజు యుద్ధంలో ఓడిపోయి వచ్చాడు. పన్నెండు ఫిరంగుల్లో ఒక్కటీ పేలలేదు. అయినా సన్మానం మందు ఇచ్చిన కోనప్పకి, ఉరి ఫిరంగులు కాల్చే దస్తగిరికి.

"మందు మేలైనదే ప్రభూ, కాల్చేవాడికే చేతకాలేదు" అన్నాడు కోనప్ప. మంత్రులు ముగ్గురూ తలూపారు. ఆ ముగ్గురి ఇళ్లలోకీ కొత్త ఉయ్యాలబల్లలు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఎవరూ అడగలేదు.

రాజుగారికి తాంబూలం అందించే బొల్లనకి మాత్రం ఇది మింగుడుపడలేదు. నేరుగా చెరసాలకి వెళ్లాడు.

"దస్తగిరన్నా, అసలేం జరిగింది?"

"ఏముంది బొల్లా, అందులో మందు పిసరంత. మిగతాదంతా మసి పట్టించిన ఇటుకపొడి. నిప్పు పెడితే నిప్పే ఆరిపోయింది. మావాళ్లు నలభైమంది ఆ ఫిరంగుల పక్కనే పోయారు. సాయంత్రానికి నన్నూ వాళ్ల దగ్గరికి పంపుతారట."

సన్మానం కోసం కోనప్ప తన ముద్ర వేసిన కొత్త పీపా ఒకటి, పూలు చుట్టి మరీ కొలువుకి పంపాడు. దాని పలకల సందులోంచి రాలిన పొడి చిటికెడు తీసుకెళ్లి బొల్లన వంటశాల పొయ్యిలో వేశాడు. పొయ్యికి దగ్గొచ్చినట్టయింది, అంతే.

రాజుకి చెప్పేద్దామా అనుకున్నాడు. చెప్తే కోనప్ప ఏమంటాడో తెలిసిందే. దారిలో చెమ్మ తగిలిందంటాడు, ఇచ్చేవరకే నా పని అంటాడు. అది కల్తీ అని కోనప్పకి తెలుసన్న సంగతి కోనప్పే బయటపెట్టాలి.

కొలువు నిండింది. పట్టుపంచె కట్టుకుని కోనప్ప పీపాని ఆనుకుని కూర్చున్నాడు. ముద్ర విప్పి, మూత తీసి చూపించాడు.

"ఈ ఒక్క పీపా చాలు ప్రభూ, కొండని లేపేస్తుంది."

అప్పుడు బొల్లన హారతి పళ్లెంతో వచ్చాడు. కర్పూరం భగభగా మండుతోంది. సరిగ్గా పీపా దగ్గరికి రాగానే కాలు తడబడింది. మండే కర్పూరం తిన్నగా పీపాలో పడింది.

ఇంకేముంది, ఒక మంత్రి కిటికీలోంచి దూకాడు. ఇద్దరు మంత్రులు ఒకే స్తంభం వెనక దూరబోయి తలలు కొట్టుకున్నారు. సేనాపతి సింహాసనం వెనక్కి పరిగెత్తాడు. అక్కడ అప్పటికే రాజుగారున్నారు.

కోనప్ప మాత్రం తమలపాకుకి సున్నం రాసుకుంటూ కూర్చున్నాడు. పీపాలోంచి సన్నగా పొగ లేచి ఆగిపోయింది.

రాజు తల బయటపెట్టాడు. "కోనప్పా, నువ్వెందుకు పరిగెత్తలేదు?"

కోనప్ప వేలిమీది సున్నం అక్కడే ఉండిపోయింది. "మాది... ధైర్యం గల వంశం ప్రభూ. చావంటే లెక్కలేదు."

"గుండె గల మనిషి ప్రభూ, నేనూ చూశాను" అంటూ బొల్లన ఓ చిన్న ముంత తెచ్చి కోనప్ప ఒళ్లో పెట్టాడు. "ఇది శత్రువుల కోటలోంచి మన వేగులు పట్టుకొచ్చిన మందట. ఇదెలా ఉందో కూడా చూద్దాం" అని వెలుగుతున్న వత్తి అందులోకి వంచబోయాడు.

ముంత ఒకవైపు, ఉత్తరీయం ఒకవైపు, కోనప్ప ఒకవైపు. భటులు ప్రాకారం మీంచి దించి తీసుకొచ్చేసరికి పట్టుపంచె చిరిగి ఉంది.

బొల్లన చేతులు కట్టుకుని అన్నాడు:

"ప్రభూ, పీపాడు మందు పక్కన కదలని మనిషి, ముంతెడు మందుకి గోడెక్కాడు. ఎవరి మందు పేలుతుందో ఎవరిది పేలదో ఈయనకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు?"

రాజు కింద ఒలికిన పొడిని వేలితో తీసి చూశాడు. "ఇది నిజంగా శత్రువులదేనా?"

"రాగిపిండి ప్రభూ. మీ వంటశాలదే."

కొలువంతా గొల్లుమంది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్న రాజు, ఉన్నట్టుండి మంత్రులవైపు తిరిగాడు. "మరి పీపాలు దించుకునేటప్పుడు పరీక్షించి చూసిందెవరు?"

"ఆ పని నాది కాదు ప్రభూ" అన్నారు, కిటికీ దూకి కుంటుతూ తిరిగొచ్చినవాడితో సహా ముగ్గురూ ఒక్క గొంతుతో.

"అయితే ఇకమీదట అదే మీ పని. వచ్చే యుద్ధంలో ముందు వరస ఫిరంగుల దగ్గర కోనప్పా, మీరూ నిలబడతారు. మందు మీదే."

కోనప్ప కోసం తెచ్చిన శాలువా చెరసాలనుంచి వచ్చిన దస్తగిరి భుజాన పడింది. రాజు చేతి బంగారు కడియం బొల్లన చేతికెక్కింది. సభలో మళ్లీ నవ్వులు. మంత్రులు మాత్రం నవ్వలేదు.

ఇక లేవండర్రా. మీ అమ్మలు అన్నాలు వడ్డించి ఎదురుచూస్తుంటారు. కాళ్లూ చేతులూ కడుక్కుని కడుపునిండా తినండి, పదండి.