తవుడుకి కొన్న సిదోనీ

దుప్పటంతా నువ్వే లాక్కుంటే నేనేం కప్పుకోనే? ఆ, అలా జరుగు. ఊఁ కొట్టాలి మరి. కొట్టకపోతే సగంలో ఆపేస్తా.

అనగనగా గోదారి ఒడ్డున యానాం అని ఒక ఊరు. ఫ్రెంచి దొరలు ఏలినప్పటి మాటలే. ఆ ఊళ్ళో మాచరమ్మ అని నోరున్న మనిషి ఒకావిడ ఉండేది. రెండు గేదెలు, ఒక కొడుకు, ఒక కోడలు. కోడలి పేరు నూకరత్నం.

ఆ కోడలికి మొదట ఆడపిల్ల పుట్టింది. ముద్దుగా చంద్రమతి అని పెట్టుకున్నారు. నెల తిరక్కుండా పోయింది. అందమైన పేరు పెడితే దిష్టి తగలదా అంది మాచరమ్మ. ఆ తర్వాత మళ్ళీ ఆడపిల్లే. చావుకే రోత పుట్టాలని ఈసారి పెంటమ్మ అని పెట్టారు. ఆ పిల్లా దక్కలేదు. ఆ తర్వాత మూడోది పుట్టింది. దాన్ని ఎత్తుకోవాలంటేనే మాచరమ్మకి భయం. ముద్దు చేస్తే ఎక్కడ పోతుందోనని.

"దీన్ని తవుడుకి అమ్మేద్దాం," అంది.

అలా చూడకు. బిడ్డలు దక్కనివాళ్ళు ఆ రోజుల్లో పుట్టినదాన్ని ఎవరికో చేటెడు తవుడుకి అమ్మేసేవాళ్ళు. అప్పుడు పిల్ల కొన్నవాళ్ళది. పేరు కూడా వాళ్ళే పెట్టాలి. పెట్టి, పెంచమని కన్నవాళ్ళకే ఇచ్చేస్తారు. చావొచ్చి అడిగితే "ఇది మా పిల్ల కాదు" అనొచ్చు కదా! అందుకే అలాంటి పిల్లల్ని తవిటమ్మ, తవిటయ్య అనేవాళ్ళు.

"పేరు మాత్రం సిదోనీ అని పెట్టించండి అత్తా," అంది నూకరత్నం. "మనం పాలు పోసే బడి దొరసాని నోట విన్నాను. వాళ్ళ దేశంలో ఆడపిల్ల పేరంట. అక్కడా ఎవరో గానీ పెట్టుకోరంట. నాకు ఎంతో బాగుంది."

"నీకు బాగుండటమే నాకు భయం," అంది మాచరమ్మ.

అయినా కోడలి మాట తీసెయ్యలేక, పిల్లనెత్తుకుని వీధిలోకి బయల్దేరింది. మొదటింటావిడ "సిదోనీయా? సీసాలో మందు పేరులా ఉందే!" అని నవ్వింది. మా కోడలికి నెలలు నిండాయి, నేను కొనకూడదు అంది. రెండో ఇంటావిడ "మెత్తగా బానే ఉంది గానీ, రేపు పెళ్ళిలో పంతులుగారికి నోరు తిరగొద్దూ?" అంది. తవుడు నిండుకుంది అని కూడా అంది, పక్కనే గోలెం నిండా పెట్టుకుని! మూడో ఇంటావిడ "దొరల పేర్లు పాలమ్ముకునేవాళ్ళకెందుకమ్మా?" అని తలుపేసేసింది.

ముగ్గురూ పేరుకే వంక పెట్టారు. అసలు భయం పేరు గురించి కాదులే. రెండు చావులు చూసిన ఇంటి పిల్లని కొంటే, ఆ పీడ తమ గడప తొక్కుతుందని.

మాచరమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. ఏడవకుండా ముగ్గుర్నీ తిట్టిపోసింది. ఆ తర్వాత ఇంక దారిలేక దొరసాని ఇంటికే నడిచింది. వెనకాలే నూకరత్నం.

దొరసాని ఒంటరి మనిషి. ఆడపిల్లల బళ్ళో చదువు చెప్పేది. తెలుగు బాగానే వచ్చు. సంగతంతా విని, గుర్రానికి పెట్టే తవుడు చేటనిండా తెచ్చింది. మాచరమ్మ కొంగులో పోసి పిల్లని తీసుకుంది.

"ఏం పేరు పెట్టను?" అని అడిగింది.

"తవిటమ్మ అనండి," అంది అత్త.

"సిదోనీ అనండి," అంది కోడలు.

దొరసాని మెట్టు మీద కూలబడింది. "అది నా కూతురి పేరు," అంది. "మూడేళ్ళకే జ్వరమొచ్చి పోయింది."

నూకరత్నం గుండెలు బాదుకుంది. "వద్దు తల్లీ, వద్దు! నాకా పేరొద్దు, తవిటమ్మే కానియ్యండి!"

మాచరమ్మ మాత్రం కోడలి చేతులు పట్టుకుని ఆపింది.

"ఊరుకోవే," అంది. "ఆ పేరుగల పిల్లని యమభటులు ఒకసారి పట్టుకుపోయారు కదా. ఆ పేరుతో ఈ ఊళ్ళో ఇంకెవరూ లేరనుకుంటారు. మళ్ళీ దానికోసం ఎందుకొస్తారు? దొరసానిగారూ, అదే పెట్టండి."

దొరసాని పిల్ల చెవి దగ్గర నోరు పెట్టింది. మొదటిసారి "సి" అని ఆగిపోయింది. రెండోసారి ఏడుపొచ్చింది. మూడోసారి చెప్పింది.

మాచరమ్మ అన్నది నిజమో కాదో నన్నడగకు, నాకు తెలీదు. పిల్లకి ఆటలమ్మ పోసింది, తగ్గింది. కోరింతదగ్గు వచ్చింది, తగ్గింది. మంచం పట్టేంత జ్వరమొచ్చింది, అదీ తగ్గింది. పిల్లకి నాలుగో ఏడు వచ్చింది.

ఇంట్లో దాన్ని అమ్మాయీ అనో, ఏమే అనో పిలిచేవాళ్ళు. ఆ పేరు గట్టిగా పలకడానికి మాచరమ్మకి ధైర్యం చాలేది కాదు. ఒకరోజు సాయంత్రం ఆటకి పోయిన పిల్ల ఎంతకీ రాలేదు. అప్పుడు మాచరమ్మ అన్నీ మర్చిపోయి, దొరసాని ఇంటి ముందు వీధి మధ్యలో నిలబడి, "సిదోనీ! ఓ సిదోనీ!" అని ఊరంతా వినబడేలా కేకేసింది.

దొరసాని చేతిలో పలకతోనే వసారాలోకి పరిగెత్తుకొచ్చింది.

"వస్తున్నా నానమ్మా!" అని సందులోంచి పలికింది పిల్ల.

దొరసాని స్తంభం పట్టుకుని నిలబడింది. ఆ పేరు పిలిస్తే పలికేవాళ్ళు లేక ఆవిడకి ఎన్నేళ్ళయిందో.

"మాచరమ్మగారూ," అంది, "ఇంకొక్కసారి పిలవరూ?"

కథ పోయె కంచికి,
పిల్ల పోయె ఇంటికి,
నిద్దరొచ్చె కంటికి.