చెమర్చే కుండల బేరం

ఎండలకు తుమ్మచెట్టు నీడ కూడా చిక్కిపోయిన ఏడాది అది. జంతువులన్నిటికీ కలిపి ఒక్క మోటబావిలోనే నీళ్ళు మిగిలాయి. తలా రోజుకు ఆరు బానల వంతు. పుచ్చపంట చూపలేనివాళ్ళు తొలకరికి చెలక భూమి వదిలి పోవాల్సిందేనని తాబేలు పెద్ద తీర్పు.

ముసలి ఎద్దు మైలయ్యకు ఆ చెలకంటే ప్రాణం. జోడెద్దు పుల్లయ్యతో కలిసి ఆ బావి దగ్గరే మోట లాగాడు. పుల్లయ్య పోయి మూడేళ్ళయినా, ఇప్పటికీ ఎడమపక్క ఒక ఎద్దు పట్టేంత చోటు వదిలే నడుస్తాడు.

పక్కమడి నక్క ఒకనాడు తోక ఊపుకుంటూ వచ్చింది. "మైలమామా, కొమ్ముతో మట్టి గుచ్చుతున్నావ్. లంకెబిందెలు గానీ తగిలాయా?"

"తడి చూస్తున్నా అల్లుడూ. పైన ఆరినా జానెడు లోతున చెమ్ముంటే, ఆ పూటకు నీళ్ళక్కర్లేదు."

"మరి నీకు ఆరు బానలెందుకు? నాలుగు నాకివ్వు. బదులు ఇరవై కుండలిస్తా. మేలురకం!"

మైలయ్య ఒక కుండలో నీళ్ళు పోయించి, కాసేపాగి కుండ బయటివైపు నాకి చూశాడు. నాలుకకు తడి తగిలింది. నక్క చూపు తిప్పుకుంది.

కుండ కారుతోందని మైలయ్యకు తెలిసిపోయింది. రెండు బానలతో ఇరవై పాదులు బతుకుతాయా? చెలక పోతే ఈ వయసులో ఎక్కడికి? కాలువ గట్టు తెగినప్పుడల్లా పుల్లయ్య అనే మాట చెవిలో మెదిలింది: "నీళ్ళు వేరు తాగాలిరా మైలా, మన కళ్ళు కాదు."

"సరే అల్లుడూ. తాబేలు పెద్ద ముందు మాటిచ్చుకుందాం. మళ్ళీ మాట తప్పొద్దు."

"నేనా? ఛ ఛ!" అంది నక్క. గొడ్డు బుద్ధి మోకాళ్ళలో ఉంటుందని లోలోపలే నవ్వుకుంది.

మైలయ్య పాదుకొక కుండను మెడదాకా పాతి, నింపి, మూకుడుతో మూశాడు. కుండ చుట్టూ మెల్లగా చెమర్చి, వేళ్ళకు కావలసినంత తడి అందేది. నక్కేమో మడి మునిగేలా పోసి, "చూడు మామా, నా పంట ఈత కొడుతోంది!" అని వెక్కిరించేది.

కోతలనాటికి నక్క తీగలు కుళ్ళి పసుపెక్కాయి. నిలిచిన నాలుగు కాయలూ నీళ్ళెక్కువై పగిలి చీమలపాలయ్యాయి. మైలయ్య కాయ కోసిస్తే, కళ్ళు మూసుకుని తింది తాబేలు పెద్ద. "పుల్లయ్య ఉన్ననాటి తీపిరా ఇది," అంది.

"మోసం పెద్దయ్యా!" నక్క అరిచింది. "కుండలు కారతాయని తెలిసే తీసుకున్నాడు!"

"అంటే, కారతాయని తెలిసే అంటగట్టావన్నమాట," అంది తాబేలు పెద్ద.

నక్క తోక ముడిచింది. తొలకరి చినుకు పడకముందే చెలక గట్టు దాటి పోయింది.

వేరు దాహం ఎరిగి పోసినవాడిదే పంట.