ముగ్గు చాలని బడి

1983, ఎండాకాలం. మా ఊరి పత్తిమిల్లు మూతబడి అప్పటికి తొమ్మిదేళ్లు. దాన్ని పడగొట్టి అక్కడే బడి కట్టాలని ఊళ్లో తీర్మానించారు. పని నాకిచ్చారు. కాశింసా మేస్త్రీ దగ్గర పదకొండేళ్లు తాపీపని నేర్చాక నా చేతికొచ్చిన మొదటి పని అది. పునాది తవ్వకముందే నా పేరు ఒక బండమీద చెక్కించి పెట్టుకున్నాను.

మేస్త్రీ వచ్చి మిల్లంతా తిరిగాడు. గోడలు తట్టి చూశాడు.

"గట్టిగానే ఉంది కదరా, ఓబులేసూ."

"పాత గోడలకు అతుకులేస్తే నేను కట్టినట్టు ఎవరంటారు మేస్త్రీ?"

"సరే, కొత్తదే కట్టు. ముగ్గు నేను పోస్తా."

పునాదికి ముగ్గుపిండితో గీతలు పోయడం పెద్ద మేస్త్రీ పని. నేను పొంగిపోయి కొబ్బరికాయ తెచ్చాను. ఆయన బకెట్ నిండా ముగ్గు తీసుకుని మిల్లు దాటాడు, రోడ్డు దాటాడు. కొబ్బరికాయ పట్టుకుని వెనకాలే నడిచాను.

వంక పక్కన నాగమ్మ చేనుంది. మేస్త్రీ అక్కడ వంగి గీత పోయడం మొదలుపెట్టాడు. కలుపు తీస్తున్న నాగమ్మ తలెత్తింది.

"ఏం సాయిబూ, నా చేన్లో ఎవరి పెళ్లి?"

"ఓబులేసు బడి కడుతున్నాడమ్మా."

"బడి ఊళ్లో కదా!"

"బడి ఊళ్లోనే. ఇటుకలకు మన్ను ఇక్కడిది. మోకాలి లోతు."

ఆమె నవ్వు ఆగిపోయింది. ఇటుకబట్టీవాడు అంతకుముందే వచ్చి అడిగితే, పైపైన గీకుతాడనుకుని సరేనందట.

"అంత మన్ను పోతే నేను ఏం పండించుకోను నాయనా?" అని నన్నడిగింది.

మేస్త్రీ అప్పటికే గట్టెక్కి తుమ్మచెట్ల చుట్టూ గీత పోస్తున్నాడు. నీడన గొర్రెల కాపరులు సద్ది తింటున్నారు. వాళ్లనూ గీత లోపలే ఉంచాడు.

"చెట్లెందుకు మేస్త్రీ?"

"బట్టీ దేంతో కాలుస్తావురా, మాటలతోనా?"

ఇరవైమూడో చెట్టు దగ్గర బకెట్ ఖాళీ అయింది. బోర్లించి తట్టాడు.

"ముగ్గు అయిపోయింది. నీ బడి ఇంకా అయిపోలేదు."

నేను వెనక్కి తిరిగి నడిచాను. కొబ్బరికాయ మిల్లు గడప మీద కొట్టాను.

మిల్లు పడగొట్టకుండా దాన్నే బడి చేయడానికి రెండు నెలలు పట్టింది. పత్తి దించే తలుపులు కిటికీలయ్యాయి. గింజల కొట్టు వంటగది అయింది. రేకులన్నీ దించి, చిల్లులు పూడ్చి, మళ్లీ ఎక్కించాం. దారిన పోయేవాళ్లు "అతుకుల బడి, అతుకుల మేస్త్రీ" అని నవ్వారు. నవ్వనీ అనుకున్నాను.

బడి తెరిచిన రోజే వాన దంచికొట్టింది. నూటముప్పై మంది పిల్లలు నోళ్లు తెరిచి కప్పు వైపు చూశారు. ఒక్క చుక్క రాలలేదు. అప్పుడు వాళ్లేసిన కేకకు రేకుల మీది వాన చప్పుడు వినపడలేదు. నవ్వినవాళ్లు తడిసిపోయి గుమ్మం ముందు నిలబడ్డారు. "అతుకుల కిందికి రండయ్యా!" అని నేనే పిలిచాను. నాగమ్మ కొంగు నెత్తిన కప్పుకుని వచ్చింది. రేపు వేరుశనగ విత్తుతానని చెప్పింది.

"నీ పేరు బండ ఎక్కడ పెడతావురా?" అన్నాడు మేస్త్రీ.

గుమ్మం ముందు బురదలో పరిచాను, పేరు కిందికి చేసి. పిల్లలు దానిమీద కాళ్లు తుడుచుకుని లోపలికి పోయారు.

ఆ రెండు నెలల్లో, రేకులు దించేటప్పుడు ఒకటి జారి కాశింసా మేస్త్రీ కుడిచేతి వేళ్లు రెండు తెగిపోయాయి. ఆయన మళ్లీ తాపీ పట్టలేదు.