తీగల అక్షరాలు

తాను చెక్కిన కొత్త అక్షరాల పక్కన పాత అక్షరాలు వెలవెలబోతున్నాయని పానకాలుకు మహా చిన్నతనంగా ఉండేది.

తెనాలిలో ఓ ప్రెస్సులో ఖాదర్ వలీ సాయిబు దగ్గర అతను పని నేర్చుకుంటున్నాడు. నాటకాల గోడ పోస్టర్లకు పెద్ద పెద్ద అక్షరాలు చెక్కడం వాళ్ళ పని. అంతేసి అక్షరాన్ని సీసంతో పోస్తే ఎత్తలేం కదా, అందుకని టేకు చెక్కతో చేసేవారు. అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కాలి. అప్పుడే కాగితం మీద సరిగ్గా పడుతుంది.

సాయిబు దగ్గర ఓ పాత పెట్టె ఉండేది. అందులోవి ఆయన ఉస్తాదు చెక్కిన అక్షరాలు. ఒక్కో అక్షరం ఒంటి మీద ఓ సన్నటి తీగ పాకి, చివర పువ్వు పూసి ఉండేది. వెంట్రుకంత లోతు గీత, అంతే. ఏళ్ళ తరబడి అచ్చు వేసీ వేసీ వాటికి గాట్లు పడ్డాయి. సాయిబు తర్వాత ఆ పెట్టె పానకాలుకే అని ప్రెస్సులో అందరూ అనుకునేవారు.

ఓసారి నాటక సమాజం మేనేజరు పోస్టరు చూసి, "ఏమయ్యా పానకాలూ, నీ అక్షరాలు పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి. మధ్యలో ఈ తాతలు కూర్చున్నారేం?" అన్నాడు. అందరితోపాటు పానకాలూ నవ్వాడు గానీ, ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది.

మేనల్లుడి నిఖా ఉందని సాయిబు గుంటూరు వెళ్ళాడు. ఆయన తిరిగొచ్చి ముచ్చటపడాలని పానకాలు పాత అక్షరాలన్నిటినీ ఒక్కొక్కటే చిత్రిక పట్టి పైపొర తీసేశాడు. గాట్లు పోయాయి. వాటితో తీగలూ పోయాయి. మళ్ళీ గీస్తే సరిపోతుందిలే అనుకున్నాడు.

సాయిబు వచ్చాడు. అక్షరాలను చేత్తో తడిమాడు. ఆ రోజు పోస్టరుకు కావలసినవి బిగించి, సిరా పూసి, కాగితం వేసి ఒత్తాడు.

పానకాలు అక్షరాలు నల్లగా, నిండుగా పడ్డాయి. పాత అక్షరాలు పడాల్సిన చోట తెల్లగా ఉంది.

అచ్చుకు అక్షరాలన్నీ ఒకే ఎత్తు ఉండాలి. ఏ కాస్త తగ్గినా దానికి సిరా అందదు, కాగితం తగలదు. అది పానకాలుకు తెలియని సంగతా? కాదు. మోజులో మరిచిపోయాడు.

కొత్త చెక్క తెచ్చి, తీగతో సహా తానే మళ్ళీ చెక్కి ఇస్తానని బతిమాలాడు. సాయిబు ఉలి తీసి అతని చేతికిచ్చాడు. పానకాలు దాని మొనను చెక్కకు ఆనించాడు. తీగ ఎక్కడ మొదలై ఎటు తిరిగేదో చేతికి తోచలేదు. రోజూ చూసిన అక్షరాలే. చూసిందల్లా గాట్లనే.

అప్పుడు సాయిబు బీరువాలోంచి ఓ పాత పోస్టరు తెచ్చాడు. ఆ అక్షరాలు కొత్తగా ఉన్ననాడు అచ్చు వేసింది. తీగలు, ఆకులు, పువ్వులు, అన్నీ ఉన్నాయి. పానకాలుకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

సాయిబు కత్తెర తీసుకుని దాన్ని ముక్కలు చేయసాగాడు.

"గురువు గారూ, అదొక్కటే ఉంది. చూసి గీస్తాను."

"గీస్తే నీ తీగ అవుతుంది పానకాలూ. మా ఉస్తాదుది కాదు," అన్నాడు సాయిబు. "నీ తీగ నీ అక్షరాల మీద గీసుకో."

ఒక్కో పాత అక్షరాన్ని ఎత్తి, కింద ఓ ముక్క పరిచాడు. చాలకపోతే ఇంకోటి. మళ్ళీ ఒత్తి చూశాడు. అక్షరాలు పడ్డాయి, నల్లగా, బోసిగా. ఒక్కటి మాత్రం ఇంకా అందలేదు.

సాయిబు కత్తెర పక్కన పెట్టి, మిగిలిన ముక్కను పానకాలు ముందుకు జరిపాడు. దాని మీద ఓ పువ్వు ఉంది.

పానకాలు దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత పువ్వు పైకి ఉండేలా పరిచి, మెల్లగా దాని మీద అక్షరాన్ని నిలిపాడు.

ఎటు పరిచినా ఎత్తు ఒకటే. ఆ మాట సాయిబు అనలేదు.