నక్కగారి పైపు పలకరింపు

నరసమ్మ అనే కోడి గుడ్లు పెట్టడం మానేసి చాన్నాళ్లయింది. కోయడానికి మనసొప్పక యజమానురాలు దాన్ని కొట్టం వెనక పాత గూట్లో ఒంటరిగా ఉంచింది. మేతకు లోటు లేదు, మాట్లాడేవాళ్లే లేరు.

ఒక సాయంత్రం గూటి పక్కనున్న పాత నీళ్ల పైపులోంచి గొంతు వినిపించింది.

"పిన్నీ, బాగున్నావా? నేను చలమయ్యని. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు దూరం నుంచే పలకరింపు సేవ చేస్తుంటాను. రోజూ కాసేపు కబుర్లు చెప్పుకుందాం."

తోటలో పైపు రెండో కొసన ఉన్నది నక్కేనని నరసమ్మ గొంతు వినగానే పోల్చుకుంది. అయినా చెవి తీయలేదు. బాగున్నావా అని తనను ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో మరి.

"ఏం బాగు నాయనా, మోకాళ్లు..." అని మొదలుపెట్టింది. మోకాళ్లయ్యాక రెక్కల నొప్పులు, ఆ తర్వాత తను పొదిగిన పిల్లల్లో ఎవరెంత మొండివాళ్లో. నక్క రోజూ ఊఁ కొట్టింది. పైపుకు అక్కడక్కడ చిల్లులుండటంతో మధ్యమధ్య కొట్టంలోని ముసలి ఎద్దు నిట్టూర్పు, గేటు దగ్గర ముసలి కుక్క దగ్గు వినబడేవి. చెవులు గింగురుమంటున్న నక్కకు అవేవీ పట్టలేదు.

చివరికి అసలు సంగతికొచ్చింది. "పిన్నీ, ఎన్నాళ్లిలా పైపులో మాటలు? గూటి గడియ కాస్త ముక్కుతో లేపితే ఎదురెదురుగా కూర్చుందాం."

తీస్తే ప్రాణం పోతుంది, తియ్యనంటే రేపట్నుంచి పలకరింపు పోతుంది. ఏది ఎక్కువ భయమో నరసమ్మకే తెలియలేదు.

"అలాగే నాయనా. పెద్దవాళ్లతో ఒక మాట అనకుండా ఎలా? ఉండు, లింగయ్య బావకిస్తున్నా" అని పైపులోకే ఎద్దును కేకేసింది.

"ఎవరూ?" అంది ఎద్దు.

"చలమయ్యని."

"ఆఁ? గట్టిగా చెప్పు."

నక్క పీక చించుకుంది. ఎద్దు తను దున్నిన చేలన్నీ వరసపెట్టి చెప్పుకొచ్చింది, ఏ చేలో రాళ్లున్నాయో దానితో సహా.

"గేటు దగ్గరుండే అన్నయ్య కూడా మాట్లాడతాడట. ఇస్తున్నా" అంది నరసమ్మ.

నక్కకు ఓపిక చచ్చింది. "ఎవరైతేనేం, త్వరగా కానిచ్చి ఆ ముసలిదాన్ని గడియ తియ్యమనండి. ఆకలితో చస్తున్నా!"

"అయ్యో పాపం" అంది కొత్త గొంతు. "నేను భీముణ్ణి, కాపలా కుక్కని. నువ్వు శ్రమపడొద్దు బాబూ, ఈ పైపు వెంటే నేనే వస్తున్నా."

తోటలో ఎండుటాకుల మీద నక్క పరుగు వినిపించింది, అంతే.

నరసమ్మ నవ్వింది, కాస్త బెంగపడింది కూడా. కానీ మర్నాడు సాయంత్రం ఎద్దూ కుక్కా వాటంతటవే చిల్లుల దగ్గరికొచ్చాయి. మూడూ చీకటిపడేదాకా మాట్లాడుకున్నాయి, చాలాసేపు మూడూ ఒకేసారి.

నీతి: ఒంటరివాళ్లను మాటలతో బుట్టలో వేసుకుందామనుకునేవాడికి ముందు వాళ్ల మాటలన్నీ వినే ఓపిక ఉండాలి.