తొమ్మిదో చిప్

శిష్యులు ఏమడిగినా పేర్రాజు గారు నోటితో జవాబు చెప్పరు. చిన్న పని ఒకటి పురమాయిస్తారు. ఒకప్పుడు తంతి ఆఫీసులో గుమస్తా. ముప్ఫై ఏళ్లుగా కాకినాడలో కంప్యూటర్లు బాగుచేస్తున్నారు. ఆయన పురమాయించిన పనులను శిష్యులు ఇప్పటికీ తలుచుకుంటారు.

శిష్యురాలు సుగుణ సొంతంగా బిగించిన మొదటి మిషన్ ఆ రోజు బల్ల మీద ఉంది. మత్స్యకారుల సంఘానిది. గాలివాన లెక్కలు కట్టి పడవలకు కబురు పంపేది అదే. మధ్యాహ్నం సంఘం కార్యదర్శి వచ్చి పట్టుకెళ్లాలి. మామూలు మెమరీలో ఎనిమిది చిప్‌లుంటే, ఆమె ఏరి తెచ్చిన ఈసీసీ మెమరీలో తొమ్మిది. తక్కిన ఎనిమిదింట్లో ఎక్కడైనా ఒక బిట్టు, అంటే ఒక సున్నానో ఒకటో, తారుమారైతే పట్టి సరిదిద్దడానికే ఆ తొమ్మిదోది. అయినా పేర్రాజు గారు మూత బిగించనివ్వలేదు.

"ఈ మెమరీని ప్రాసెసర్ ఒప్పుకుంటుంది. మదర్‌బోర్డులో చక్కగా కూర్చుంది. రెండు రోజులుగా ఆగకుండా నడుస్తోంది. ఇంకేం కావాలండీ?" అంది సుగుణ.

ఆయన ఒక చీటీ రాసి, చివర అంకె వేసి, టీ గ్లాసుల కోసం వచ్చిన సత్తెమ్మకిచ్చారు. ఆమె భర్త పడవ మీద చేపల వేటకెళతాడు.

"సంఘం కబురనుకో. చదువు."

"వేటకు వెళ్లండి," అని చదివింది సత్తెమ్మ. "అయితే మావోణ్ణి లేపాలి. పొద్దుటి నుంచీ పడుకునే ఉన్నాడు, మహారాజు."

"చివర అంకె?"

"ఏడు. మీ లెక్కేదో అనుకున్నానండీ."

చీటీ సుగుణ చేతికొచ్చింది. అక్షరాలు వేళ్ల మీద లెక్కపెట్టింది. ఏడుండాలి, ఆరే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టింది. అప్పుడు తట్టింది, 'క' ఎక్కడ జారిపోయిందో. వెళ్లకండి.

"లేపకు సత్తెమ్మా," అంది.

తర్వాత మదర్‌బోర్డు పుస్తకం తీసి, అంతకుముందు దాటేసిన వాక్యం చదివింది. ఈ బోర్డు ఆ మెమరీని తీసుకుంటుంది, మామూలు మెమరీగా. తొమ్మిదో చిప్‌లో అంకె దాచుకునే చోటుంది, ప్రాసెసర్‌లో లెక్కపెట్టగలవాడున్నాడు. ఈ బోర్డులో ఆ రెంటి మధ్య దారే లేదు.

కార్యదర్శి ధనరాజు వచ్చేసరికి మిషన్ విప్పి ఉంది. బోర్డు మార్చాలని, తప్పు తనదేనని, రెండు రోజులు ఆగాలని సుగుణ చెప్పింది.

"నిన్న నేను చూశాను కదా, బాగానే నడిచింది," అన్నాడాయన.

"తప్పు చదివినా బాగానే నడుస్తుంది బాబూ," అన్నారు పేర్రాజు గారు. "అందుకే ఆపింది."