ఏదుపంది పోశన్న సోయా చేను

నమ్మనివాళ్లుంటే ఇప్పుడే లేచి వెళ్లండి పిల్లలూ! మధ్యలో ‘అబద్ధం’ అన్నారో, ఊరుకోను. నేను దగ్గితే కొండ మీది పులి గుహ మార్చుకునేది. అంతటివాణ్ని, ఈ కథ జరుగుతుంటే పక్క పొదలోనే కూర్చున్నాను.

అనగనగా ఒక నల్లరేగడి అడవిలో పోశన్న అనే ఏదుపంది ఉండేవాడు. తల్లిలేని ముగ్గురు పిల్లలు. పోయినేడు వేసిన సోయా గింజలు పుచ్చువి. పదింట మూడే మొలిచాయి. చలికాలమంతా పిల్లలు చెట్ల బెరడు నమిలారు. అప్పటినుంచి పోశన్నకు ఒకటే రంది, తీరని దిగులు. ఆకు రాలినా ముళ్లు నిక్కబొడుచుకునేవి.

తొలకరి పడింది. పొరుగున ఉండే కుందేలు లస్మవ్వ, పోశన్న కొత్త గింజలు మొలుస్తాయో లేదో చూద్దామని వాటిలోంచి వంద లెక్కపెట్టి తడి ఆకుల్లో చుట్టింది. ఐదో రోజు విప్పితే తొంభై మొలకలు!

“ఇగ రంది వద్దన్నా. సాలుకూ సాలుకూ నడుమ రెండు జానలు, గింజకూ గింజకూ నడుమ మూడు వేళ్లు. గంతే,” అంది లస్మవ్వ.

“ఆకుల మొలిచినయ్ సరే. మట్టిల మొలవకుంటే? పిల్లలకు మళ్లా బెరడే పెట్టాల్నా?” అన్నాడు పోశన్న. రెండింతల గింజలు పోశాడు.

అన్నీ మొలిచాయి! ఆ చేలో చీమ నడవాలన్నా ఊపిరి బిగబట్టి, పక్కకు తిరిగి నడవాలి.

“సగం పీకెయ్యన్నా!”

“మొలవలేదని ఏడ్చినోణ్ని, మొలిచినదాన్ని నా చేత్తో పీకాల్నా? నీకు నోరెట్లొచ్చింది చెల్లె?”

మర్నాడే దుప్పుల మంద బెదిరి చేను అంచు తొక్కుకుంటూ పోయింది. అక్కడ సగం మొక్కలు వేళ్లతో సహా లేచిపోయాయి. మిగతా చేనేమో ఇరుకులో పాలిపోయింది.  పోశన్న అంచు మీద ఆశ వదులుకున్నాడు. చలికాలానికి దాచిన తేనెపట్టు ఒకటి పట్టుకుని గబ్బిలాల గుహకు పరుగెత్తాడు. దానికి బదులు గంపెడు గబ్బిలాల పెంట తెచ్చి మిగతా చేనంతా చల్లాడు. వారానికి రెండో గంప. మళ్లీ మూడోది. తేనెపట్లు అయిపోయాయి.

“నేనంటే తలకిందుల వేలాడేటోణ్ని,” అన్నాడు గబ్బిలం గంగారాం. “నువ్వు నిలబడే తలకిందులైతున్నవ్ బావా!”

లస్మవ్వ తన చేలోంచి ఒక మొక్కను తవ్వి తెచ్చింది. “వేర్లకు గీ బుడిపెలు చూడు. సోయా గీ బుడిపెల్లనే తన తిండి తనే వండుకుంటది. ఓ గంప చాలుతుండె. నువ్వు వండి పెడుతుంటే నీ చేను పొయ్యి ఆర్పేసింది.”

పోశన్న చెవికెక్కలేదు. మొక్కలు ఎదిగాయి చూడండీ! ఏనుగు చేలోకి దిగితే తొండం కొస మాత్రమే కనిపించింది. అడవి అంతా మెచ్చుకుంది. పోశన్న ఒక్కడే కొమ్మలు తప్పించి లోపలికి తొంగిచూసేవాడు. లోపల చీకటి. కాయ లేదు. పిల్లలకు ఏం చెప్పాలో తెలిసేది కాదు.

ఒక గాలివాన కొట్టింది. చేనంతా చాపలా పడుకుంది. కోస్తే గంపెడు గింజలు రాలేదు.

ఏడుస్తూ అంచుకు వెళ్లాడు పోశన్న. దుప్పులు తొక్కిన చోట, పెంట పడని చోట, పొట్టి మొక్కలు కొమ్మలు చాచి నిలబడి ఉన్నాయి. కొమ్మ కొమ్మకూ కాయల గుత్తులు! నాలుగు గంపలయ్యాయి. తేనె లేకపోయినా, పిల్లలు ఆ నాలుగింటితోనే చలికాలం గట్టెక్కారు.

“నేను రందితోని పోసిన ప్రతి గింజ, పక్క గింజ నోటికాడి కూడు గుంజింది చెల్లె. దుప్పులకున్న తెలివి నాకు లేకపాయె.”

“తెలివి కాదన్నా. వాటికి ఏ రందీ లేదు. నీకు పీకాలంటే పానం ఒప్పలేదు.”

నీతి: భయంతో కుమ్మరిస్తే పంట పెరగదు, మొక్కకు చోటు, ఎరువుకు హద్దు ఉంటేనే గంప నిండుతుంది.

ఇంకా అనుమానమా? ఆ నాలుగు గంపలూ దగ్గరుండి కొలిచినవాడు మూడొందల ఏళ్లవాడు, ఇంకా బతికే ఉన్నాడు. వెళ్లి అడగండి: తాబేలు ఆశన్న!